ముందే బయల్దేరిన బ్యాగు

బెల్లు నొక్కాను, తలుపు కొట్టాను, కిటికీ బ్లైండ్ల సందులోంచి కళ్ళు చికిలించి చూశాను. లోపల ఫ్యాను తిరుగుతోంది, మనిషి జాడ లేదు. వసంతలక్ష్మి ఆంటీ లేరు, కృష్ణారావు అంకుల్ లేరు, నా బ్యాగు మాత్రం ఉంది. ఈ తలుపుకి అవతల, వాళ్ళ దేవుడి పటాల ముందు, నా పాస్‌పోర్టునీ కాలేజీ ఇచ్చిన వీసా కాగితం ఐ-ట్వంటీనీ కొత్త కాలేజీ అడ్మిషన్ కాగితాల్నీ కడుపులో దాచుకుని, నాకంటే రెండు రోజులు ముందే ప్రయాణం కట్టి కూర్చుంది. నేను మాత్రం ఇంకా ఇక్కడే, మెట్ల మీద, రెండు సూట్‌కేసులకి కాపలాగా, ఆగస్టు ఎండకి చెమటలు కక్కుకుంటూ. పాస్‌పోర్టు లేకుండా ఎయిర్‌పోర్టుకి పోయి ఏం చేస్తాను, విమానాలకి టాటా చెప్పి రావడం తప్ప. ఎవరైనా చేస్తారా ఈ పని? ఇంజనీరింగ్ చదివి, అమెరికా దాకా వచ్చి, ఒక సంవత్సరం కంప్యూటర్ల మధ్య కూర్చుని, చివరికి మంచి రోజు కోసం పాస్‌పోర్టుని కింది ఇంట్లో పెట్టి తాళం వేయించుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. నవ్వు రావడం లేదు. రావాలి, ఇంకెవరికైనా జరిగి ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

ఆవిడ అంత గట్టిగా చెబితే కాదనలేకపోయాను, అదీ అసలు సంగతి. కొడుకు చక్రధర్ గారిది బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం, కోడలిదీ అక్కడే, పొద్దున పోతే సాయంత్రానికి గానీ రారు. ఆర్నెల్లు ఉండి పోదామని విజయవాడ నుంచి వచ్చిన ఈ ముసలి దంపతులకి మాట్లాడ్డానికి మనుషులు లేరు, నాకూ లేరు. అలా కలిశాం. మెయిల్ బాక్సుల దగ్గర నా మొహం చూసి, తెలుగమ్మాయివేనా అని అడిగి, ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చోబెట్టి పెసరట్టు పెట్టారు. నేను కాలేజీ మారుతున్నానంటే సంతోషించారు, మంగళవారం ప్రయాణమంటే మాత్రం గుండె మీద చెయ్యి వేసుకున్నారు. గుడి వాళ్ళిచ్చిన కాలెండరు గోడకి తగిలించి ఉంది, దాని ముందు కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుతూ నిలబడి, ఆదివారం పొద్దున బావుంది, ఆ వేళకి నీ సామాన్లో ఒకటి తెచ్చి మా ఇంట్లో పెట్టెయ్ అన్నారు. ప్రస్థానం అంటే అంతే, సామాను మంచి వేళకి గడప దాటితే మనిషి దాటినట్టే, తర్వాత ఏ రోజు వెళ్ళినా దోషం లేదు. ఖాళీ సంచి పెడితే లెక్కలోకి రాదమ్మా, నీకు ముఖ్యమైనదే పెట్టాలి అన్నారు. ముఖ్యమైనది ఏమిటని ఆలోచించాను. వీసా మీద బతికే మనిషికి కాగితాలకన్నా ముఖ్యమైనది ఏముంటుంది? పెట్టేశాను. మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళకూడదని కూడా చెప్పారు, నేరుగా ఇక్కణ్ణించే అందుకుని కారెక్కాలట. చక్రధర్ గారు ఆఫీసు నుంచి వచ్చి నన్ను ఎయిర్‌పోర్టులో దింపుతానన్నారు. అంతా సవ్యంగా కుదిరింది, ఈ తలుపొక్కటే తెరుచుకోవడం లేదు.

చెరువు చుట్టూ నడవడానికి పోయి ఉంటారు. రోజూ పోతారు. ఫోను ఇంట్లోనే వదిలేస్తారు, ఇందాక నేను చేస్తే లోపల మోగింది. వెతుక్కుంటూ వెళ్ళనా? వెళ్తే సూట్‌కేసుల్ని ఎక్కడ పెట్టను, మళ్ళీ పైన మా ఇంటికి మోయలేను, నేను అటు వెళ్ళగానే వాళ్ళు ఇటు వచ్చేస్తే? లేచాను, పార్కింగు చివరి దాకా వెళ్ళి చెట్ల మధ్య నుంచి చూశాను, బాతులు తప్ప ఎవరూ కనబడలేదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఏసీ డబ్బా గురగుర, చెట్ల నిండా కీచురాళ్ళ రొద, ఈ ఊళ్ళో ఆగస్టు అంటే ఇదే. మళ్ళీ లేచాను. కూర్చుంటే చాలు, కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసావిడ చెప్పిన మాట గుర్తొస్తోంది. మంగళవారం, అంటే ఇవాళ, సాయంత్రం ఐదు గంటల వరకూ మనసు మార్చుకోవచ్చు అంది. ఒక్క ఫోను చేస్తే చాలు, ట్రాన్స్‌ఫర్ ఆపేస్తాను, ఐదు దాటితే నీ రికార్డు ఆ కాలేజీకి వెళ్ళిపోతుంది, ఇక నా చేతుల్లో ఉండదు. తియ్యగా నవ్వుతూనే చెప్పింది, మంచి మనిషి. ఆ మంచితనం నాకేం మేలు చేసింది? కచ్చితంగా వెళ్ళాలి అంటే వెళ్ళేదాన్ని, ఉండిపో అంటే ఏడ్చుకుంటూ ఉండేదాన్ని. ఐదు దాకా నీ ఇష్టం అని వదిలేస్తే ఆ ఐదు దాకా నేనేమైపోవాలి? నంబరు ఫోనులో ఉంది. నొక్కడం ఒక్కటే మిగిలింది.

నమ్మకం లేకుండానే ప్రస్థానం పెట్టాను. నాయన కూడా అంతే, నమ్మకం లేకపోయినా చేసేవాడు. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో నాయన బోరు బండి తిరగని చేను లేదు. సెలవుల్లో నన్ను కూడా క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. బండి చేలోకి దిగగానే రైతు ఒక ముసలాయన్ని పిలిపించేవాడు, ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడు, నీళ్ళున్న చోట టెంకాయ నిటారుగా లేచి నిలబడుతుందంట. నాయన తల పక్కకి తిప్పుకుని నవ్వేవాడు, అయినా ఆ టెంకాయ లేచిన చోటనే రాడ్డు దింపేవాడు. ఎందుకు నాయనా అంటే, "వాళ్ళ మనసు నిలబడాల కదా పాపా" అనేవాడు. నాకా టెంకాయ మీద ధ్యాస లేదు. రాడ్డు రాడ్డుకీ పైకొచ్చిన మట్టిని వరసగా కుప్పలు పోసేవాళ్ళు, నా చూపంతా వాటి మీద. ముందు ఎర్రమట్టి, తర్వాత గరుసు, ఆ తర్వాత బూడిద రంగు రాతి పొడి, వేళ్ళ మధ్య నలిపితే పిండిలాగా ఉండేది. ఎక్కడో ఒక కుప్ప రంగు మారేది, చేతికి చల్లగా తగిలేది. బోరు చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఉండేవాళ్ళు, పసిపిల్లల్ని చంకనేసుకుని మరీ, ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. నీళ్ళు పడితే కేకలు. పడకపోతే ఆ నిశ్శబ్దం అలాగే ఉండేది, నాయన రాడ్లు ఒక్కొక్కటీ విప్పుతుంటే ఇనుము చప్పుడు మాత్రమే వినబడేది. కింద ఏముందో ముందే ఎందుకు తెలుసుకోలేరు అని నేను దారి పొడుగునా అడిగేదాన్ని. పెద్దయినాక నువ్వే కనిపెట్టు అనేవాడు నాయన, గేరు మారుస్తూ. ఆయన మాటవరసకి అన్నాడు, నేను నిజంగానే తీసుకున్నాను.

అంత నిజంగా తీసుకున్నదాన్ని ఇక్కడికి వచ్చి కంప్యూటర్ కోర్సులో ఎందుకు కూర్చున్నట్టు? నలుగురం ఒకే చోట ఉండాలని. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఒకే హాస్టలు గది, రేష్మా నేనూ ఇంకో ఇద్దరూ. సీనియర్లు ఇక్కడున్నారు, అడ్మిషన్ తేలిగ్గా వస్తుంది, కంప్యూటర్స్ అయితే ఉద్యోగం ఖాయం అన్నారు అందరూ. సివిల్ చదివినదాన్ని నేనొక్కదాన్నే, నువ్వు కూడా ఇందులోనే చేరిపోవే, అందరం కలిసి ఉండొచ్చు అని రేష్మ నా మెడ చుట్టూ చేతులేసి ఊపింది. ఊగాను. అప్పుడు అది ప్రేమే. ఇక్కడికి వచ్చాక వంటకి వంతులు వేసుకున్నట్టే చదువుకీ వేసుకున్నాం. ఒక్కో సబ్జెక్టు ఒక్కరిది. ఆ ఒక్కరు అసైన్‌మెంటు చేస్తే మిగతా ముగ్గురూ పేర్లూ వాక్యాలూ అటూ ఇటూ మార్చి ఇచ్చేసేవాళ్ళు. హాస్టల్లో రికార్డులు అలాగే రాశాం, ఎవరూ ఏమీ అనలేదు, తప్పని కూడా తోచలేదు. ఇక్కడ మార్చి నెలలో ప్రొఫెసరు నలుగుర్నీ ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచాడు. మిగతా ముగ్గురూ, కలిసి చదువుకున్నాం, అందుకే ఒకలాగా వచ్చింది అన్నారు. నన్నడిగితే ఒకరు రాసింది మిగతా వాళ్ళం దించాం అన్నాను. ఎదురుగా మనిషి కళ్ళలోకి చూస్తూ అడిగితే అబద్ధం నోటికి రాలేదు. నలుగురికీ సున్నా వచ్చింది, ఇంకోసారి ఇలా జరిగితే కాలేజీ నుంచి పంపేస్తామని హెచ్చరిక. నాకూ అదే సున్నా. ఆ మాట ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఆ మర్నాటి నుంచి కారులో నాకు చోటు లేదు. కారు రేష్మది. వెనక సీట్లో పుస్తకాల సంచీ పెట్టి, ఫుల్ అయిపోయింది అన్నట్టు ముందుకి చూస్తూ వెళ్ళిపోయింది. ఈ ఊళ్ళో కారు లేకపోవడమంటే ఏమిటో చెబితే నాయనకి అర్థం కాలేదు, ఆటో ఎక్కు పాపా అన్నాడు. హైవే అంచున గడ్డిలో నడిచి కాలేజీకి పోయాను, పక్కనుంచి ట్రక్కులు దూసుకుపోతుంటే చున్నీని మెడకి చుట్టుకుని. ఒకసారి పోలీసతను కారాపి, ఏమైనా ప్రమాదమా, కారు చెడిపోయిందా అని అడిగాడు. నడుస్తున్నాను అంటే వింతగా చూశాడు. నేను నవ్వాను, అతను వెళ్ళాక ఏడ్చాను, కాలేజీ బాత్రూంలో మొహం కడుక్కుని క్లాసులో కూర్చున్నాను. అందరికీ నేనొక చాడీకోరుని. సీనియర్లు పార్టీకి పిలవడం మానేశారు. మన వాళ్ళున్న చోటికి వచ్చాను కదా, మన వాళ్ళే వెలేశారు, బయటివాళ్ళకి నేను ఉన్నట్టే తెలియదు.

వేసవికి మిగతా ఇద్దరూ ఇంటర్న్‌షిప్ దొరికి జెర్సీ సిటీ పోయారు. రేష్మకి దొరకలేదు. ఆ ఇంట్లో ఇద్దరమే మిగిలాం, రెండున్నర నెలలు, ఒక్క మాట లేకుండా. ఆమె వంటింట్లో ఉంటే నేను గదిలో, నేను బయటికొస్తే ఆమె లోపల. మొదటి వారం ఆమె వండిన కూర గిన్నెలో సగం అలాగే వదిలేసి ఉండేది. నాకోసమే అని తెలుసు. రేష్మ ఒక్కతే అయితే అంత వండదు. ముట్టలేదు. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని, మూడో రోజుకి ఆమే తీసి పారేసేది. తర్వాత సగం వదలడం మానేసింది. ఆ రోజు ఖాళీ గిన్నె చూసి, అన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తినేశాను. ఇంత పంతం ఎవరి నుంచి వచ్చింది నాకు? ఆ కూర ఒక ముద్ద తినుంటే ఇవాళ ఈ మెట్ల మీద కూర్చునేదాన్ని కాదేమో. తినుంటే ఉండిపోయేదాన్నేమో.

అదే భయం. అక్కడికి పోయినా నేను నేనే కదా. అక్కడా ఒక ఇల్లుంటుంది, ఇంకెవరో ముగ్గురుంటారు, వాళ్ళకీ ఒక రోజు నేను సరిపడను, మళ్ళీ గడ్డిలో నడక. కాలేజీ మారితే గుణం మారుతుందా? తన చేలో నీళ్ళు లేకపోయినా రైతు బోరు వేసినవాణ్ణే తిడతాడు, నేనూ కాలేజీని తిడుతున్నానా? ఇక్కడ సగం చదువు అయిపోయింది, ఇంకొక్క ఏడాది పళ్ళ బిగువున భరిస్తే డిగ్రీ చేతికొచ్చేది. అక్కడ మొదటి నుంచీ మొదలు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. వేడెక్కి ఉంది. నంబరు తెర మీదకి తెచ్చాను, ఐదుకి ఇంకా టైముంది, చాలానే ఉంది, ఇంకాసేపాగి చేసినా చాలు. ఆగడం ఎందుకు, చెయ్యాలంటే ఇప్పుడే చెయ్యొచ్చు. చెయ్యను. చేస్తాను. బ్యాగు ఎలాగూ లోపలే ఇరుక్కుంది, ఇదే ఒక సాకు, పాస్‌పోర్టు దొరకలేదు అందుకే ఉండిపోయాను అంటే ఎవరూ నన్నేమీ అనరు. చూశావా, సాకు కోసం వెతుకుతున్నావు సుమతీ. తలుపు మళ్ళీ కొట్టాను, ఈసారి కోపంగా.

వెనక అడుగుల చప్పుడు. ఆంటీ అనుకుని తిరిగాను, రేష్మ. లాండ్రీ గది నుంచి బట్టల బుట్ట పట్టుకుని వస్తోంది. మా ఇల్లు పై అంతస్తులో, నా పక్క నుంచే మెట్లెక్కాలి. పక్కకి జరిగాను. ఆమె ఎక్కలేదు. బుట్టని నడుముకి ఆనించి సూట్‌కేసుల వంక చూసింది, మూసి ఉన్న తలుపు వంక చూసింది.

"వాళ్ళు లేరా?" అంది. మార్చి తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

లేరన్నాను. పాస్‌పోర్టు లోపల ఉందన్నాను, ఎందుకుందో కూడా చెప్పాను. హాస్టల్లో అయితే ఆ మాటకి కింద పడి దొర్లి నవ్వేది. ఇప్పుడు పెదవి చివర కొంచెం కదిలింది, ఆగిపోయింది. బుట్ట కింద పెట్టి, నాకంటే రెండు మెట్లు కింద కూర్చుంది. ఆమె తల వెనక జుట్టు కనబడుతోంది, సరిగ్గా దువ్వుకోలేదు. ఇద్దరం పార్కింగు వైపు చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి, అటు తిరిగే ఉండి అడిగింది.

"నా వల్లనే పోతున్నవా?"

ఈ ప్రశ్న కోసం వేసవంతా ఎదురు చూశాను. హైవే పక్కన నడుస్తూ, రాత్రులు గోడ వైపు తిరిగి పడుకుని, ఎన్నిసార్లు దీనికి జవాబు చెప్పుకున్నానో. ప్రతిసారీ అవుననే చెప్పాను. అవును, నీ వల్లే, నీ కారు వల్లే, నీ మూతి విరుపు వల్లే. అప్పుడు రేష్మ ఏడ్చేది, వెళ్ళకే అని చెయ్యి పట్టుకునేది, నేను కాసేపు బెట్టు చేసి ఉండిపోయేదాన్ని. ఇప్పుడు అది నిజంగా జరగబోతోంది. ఒక్క మాట చాలు. ఆమె భుజాలు బిగుసుకుని ఉన్నాయి, దెబ్బ పడుతుందని తెలిసి కాచుకుని ఉన్న మనిషిలాగా. ఉండిపొమ్మని ఈమె చేత అనిపించుకోవడానికేనా నేను ఇంత చేసింది? అదే అయితే నా అంత వెర్రిది ఇంకెవరూ ఉండరు. ఎప్పుడు అప్లై చేశాను? గుర్తు తెచ్చుకున్నాను. ఆ రోజు కిటికీ అవతల మంచు పడుతోంది. వంటింట్లో రేష్మ పాట పాడుతూ చపాతీలు ఒత్తుతోంది, తినడానికి రావే అని అరుస్తోంది. వస్తున్నా అంటూనే నేను నేల కింది నీళ్ళ మీద పని చేసే ఒక ప్రొఫెసరుకి మెయిలు రాస్తున్నాను, ఆయన కాలేజీ అప్లికేషన్ మీద నా పేరు కొడుతున్నాను. తర్వాత వెళ్ళి చపాతీలు తిన్నాను. ఎవరికీ చెప్పలేదు. రాదులే అనుకున్నాను. వస్తుందని గట్టిగా కోరుకుంటూ రాదులే అనుకున్నాను.

"కాదు రేష్మా," అన్నాను. "జనవరిలోనే అప్లై చేసినాను."

ఆమె తల తిప్పి మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మనం మంచిగున్నప్పుడా?"

అవునని తలూపాను. ఆ మొహం చూడలేకపోయాను. క్షమించమని అడగడానికి వచ్చింది రేష్మ, నాకిప్పుడు అర్థమైంది. దానికోసం పొద్దుటి నుంచీ ధైర్యం కూడగట్టుకుని ఉంటుంది, ఆ బట్టల బుట్ట కూడా వంకే అయి ఉంటుంది. అడగడానికి ఏమీ మిగలకుండా చేశాను. గొడవ పడి వెళ్ళిపోతే ఆమె మర్చిపోగలదు. కలిసి చపాతీలు తింటున్నప్పుడే నా మనసు ఇక్కడ లేదని తెలిస్తే ఎలా మర్చిపోతుంది? అబద్ధం చెప్పుండాల్సింది. నావల్ల కాదు, అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు. కానీ ఒకటి తేలింది. ఎవరి మీదా అలిగి వెళ్ళడం లేదు నేను. నాకు కావాల్సి వెళ్తున్నాను. అలిగి వెళ్ళడం కన్నా ఇదే ఎక్కువ బాధగా ఉంది, అయినా ఇదే నాది.

చెరువు వైపు నుంచి ఆంటీ, అంకుల్ వస్తున్నారు. నన్ను చూడగానే ఆంటీ నెత్తి కొట్టుకున్నారు, అంకుల్‌కి కాలు పట్టేస్తే బెంచీ మీద కూర్చుండిపోయామని, ఎంతసేపటి నుంచి కూర్చున్నావో తల్లీ అని, తాళం చెవి వెతుక్కుంటూ ఒకటే ఇదైపోయారు. ఆ వెనకే చక్రధర్ గారి కారు వచ్చి ఆగింది, ఆయన దిగి సూట్‌కేసుల్ని డిక్కీలో పెట్టేశారు. ఆంటీ లోపలికి వెళ్ళి బ్యాగు తెచ్చి నా చేతికిచ్చారు, పట్టీకి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. భుజాన వేసుకుంటూ ఫోను చూశాను. ఐదు దాటిపోయింది. ఎప్పుడు దాటిందో తెలియదు, మేమిద్దరం మాట్లాడుకుంటున్నప్పుడే ఎప్పుడో. ఇక ఈ కాలేజీ నాది కాదు. వెనక్కి తిరక్కుండా నేరుగా కారెక్కు తల్లీ అన్నారు ఆంటీ. వంగి దణ్ణం పెట్టి నాలుగడుగులు వేశాను. రేష్మ లేచి బుట్ట ఎత్తుకోవడం వినబడింది, రెండు మెట్లెక్కి ఆగడమూ వినబడింది.

"ఏ ఊరే అది?"

ఆంటీ నాలిక కరుచుకున్నారు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగొచ్చా, అంత చదువుకుని ఆ మాత్రం తెలియదా అని రేష్మని కసురుకున్నారు. నువ్వు పలక్కమ్మాయ్, నడువు నడువు అని నన్ను తోశారు. ఈ వేసవంతా అందరూ ఎందుకు పోతున్నావనే అడిగారు. ఇంకోసారి ఆలోచించుకో అన్నారు, నెగ్గుకు రాగలవా అన్నారు. ఎక్కడికి పోతున్నావు, అక్కడేముంది అని ఒక్కరూ అడగలేదు. బ్యాగు భుజం మీంచి తీసి సిమెంటు మీద పెట్టాను. వెనక్కి తిరిగాను.

"లింకన్," అన్నాను. "నెబ్రాస్కాలో. అక్కడ నేల కింద సముద్రమంత నీళ్ళున్నాయంట రేష్మా."

"సముద్రమా?" అంది, నమ్మనట్టు.

ఆంటీ తల పట్టుకున్నారు. చక్రధర్ గారు వాచీ చూపించారు. ఒక్క నిమిషం అని ఆయనకి వేలు చూపించి, వెళ్ళి రేష్మ కింది మెట్టు మీద కూర్చుని, ఆ నీళ్ళ సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.